మాణిక్యం బిందె

తవ్వకం 212వ రోజు

మడి 17. లోతు మూరెడు. వస్తువులు: సోడా మూతలు ఇరవై మూడు, సెల్‌ఫోను పెంకు ఒకటి, స్టీలు గరిట ఒకటి. గరిట కాడ మీద చుక్కలతో "దంగేటి మాణిక్యం" అని కొట్టి ఉంది. స్థితి: నాకంటే బాగుంది.

స్థితి అన్న గడిలో వెటకారాలు రాయొద్దని పోయిన నెల మెట్ట పట్నంలోని ఆఫీసు నుంచి పంపిన నోటీసు అందింది. ఇది చదివే అయ్యా, అమ్మా, మీరెవరైనా సరే, ఆ నోటీసుని కూడా భద్రపరిచాం. మంచినీళ్ల తొట్టిలో నానుతోంది.

ఇవాళ పొద్దున్న కూతకర్ర గొంతు బాగుచేశాను. ఉప్పుగాలికి దాని లోపల ఉన్న ఆడగొంతు పోయింది. ఇదివరకు నేలలో ఏం తగిలినా "ఇనుము", "ఇత్తడి" అని ముద్దుగా చెప్పేది. కొత్త గొంతు రావడానికి ఏడు నెలలు పడుతుందన్నారు మీరు. అందుకని నేనే పెట్టుకున్నాను. ఇనుము తగిలితే ఎక్కిళ్లు. ఇత్తడి అయితే పిల్లి కూత. స్టీలు అయితే మా మేనత్త దగ్గు. ఆవిడ పోయి నాలుగేళ్లయినా ఆ దగ్గుని కాకులమెరకలో గుర్తుపట్టనివాళ్లు లేరు. బంగారానికి సన్నాయి పెట్టాను. ఇంకా మోగలేదు.

దొరికినవి తీసుకెళ్లి తొట్టెల దగ్గర వీరవేణి వదినకి అప్పజెప్పాను. మా పెదనాన్న కొడుకు సత్తిపండన్న భార్య. అన్నయ్య సముద్రపు కట్ట మీద కాపలాకి పోయి ఆరు నెలలకోసారి ఇంటికి వస్తాడు. మెరకలో ఏ వస్తువు దొరికినా అది ఏమిటో చెప్పేదీ, దాన్ని బతికించేదీ వదినే. తొంభై ఏళ్లు ఉప్పునీళ్లు తాగిన ఇనుముని తెచ్చి ఎండలో పెడితే మూడు రోజుల్లో అప్పడంలా పొంగి పొరలు పొరలుగా రాలిపోతుంది. తీసింది తీసినట్టు తడిగుడ్డలో చుట్టి తేవాలి. వదిన దాన్ని చాకలిసోడా కలిపిన మంచినీళ్లలో నెలల తరబడి నానబెట్టి, వారానికోసారి నీళ్లు మార్చి, ఉప్పంతా కక్కించి, వెచ్చబెట్టి మైనం పట్టిస్తుంది. ఆవిడ తొట్టెల దగ్గరికి చింతపండు తెచ్చినవాళ్లకి చావుదెబ్బలే. చింతపండు పెట్టి తోమగా తోమగా మెరుపు వస్తుంది, పేరు పోతుంది.

గరిట చేతిలోకి తీసుకుని వేలితో చుక్కలు తడుముకుంటూ చదివింది.

"నిజంగా దొరికిందా, నువ్వే పాతి తీసేవా?"

"నిజంగానే ఒదినా. ఒట్టు."

"నీ నోట్లోంచి నిజం తీయడం కూడా తవ్వకమేనయ్యా. మూరెడు లోతుంటాది."

తవ్వకం 215వ రోజు

మడి 41. లోతు రెండు మూరలు. వస్తువు: స్టీలు బిందె. స్థితి: ఈ గడి ఇవాళ ఖాళీ.

నలభై ఒకటి వీరవేణి వదిన మడి. సముద్రం వెనక్కి పోతూ వదిలేసిన బురద అది. కాలు పెడితే మోకాలు దాకా దిగేది, నాలుక పెడితే ఉప్పు. ఏడేళ్లు ఆవిడ వాననీళ్లు పట్టి, నిలబెట్టి, తీసేసి, మళ్లీ పట్టి ఆ నేలని కడిగింది. ఇప్పుడు అందులో గోంగూర పండుతోంది. మెరక మొత్తానికి అదొక్కటే పచ్చటి చోటు. ఏడేళ్లు కడిగినవాళ్లకి పక్కా పట్టా ఇస్తారు. ఇవాళ్టితో ఏడేళ్లు. పట్టాకి ముందు కూతకర్రతో ఒక్కసారి మడంతా నడవాలి. అదొక లాంఛనం.

వదిన పాయసం కాచింది. నేను కర్ర ఊపుకుంటూ, పెళ్లికొడుకులా నడుచుకుంటూ వెళ్లాను. ఇంటి వెనక తొట్టెల పక్కకి వచ్చేసరికి మా మేనత్త దగ్గింది.

"ఆపవయ్యా నీ ఏషాలు. పాయసం చల్లారిపోతంది" అంది వదిన లోపల్నుంచి.

"నేను కాదొదినా. కర్ర."

"కర్రకి దగ్గు నేర్పింది నువ్వేగా."

మళ్లీ దగ్గింది. ఈసారి పెద్దగా, పొగ పట్టినప్పుడు దగ్గినట్టు. కూత కూసిన ప్రతిసారీ నెత్తిమీద ఎగిరే కాపలా యంత్రం, సోలారు కొంగకి తెలుస్తుంది. కొంగకి తెలిస్తే మెరక కమిటీకి తెలుస్తుంది. చేతులు కట్టుకుని నిలబడే వీల్లేదు. తవ్వాను. బిందె బోర్లా పడి ఉంది. మెడ దగ్గర నత్తగుల్లలు అంటుకుని ఉన్నాయి. పక్కన తుడిస్తే చుక్కలు. దంగేటి మాణిక్యం.

వదిన గుమ్మంలోకి వచ్చి చూసి పకపకా నవ్వింది. "సెక్రటరీ గారి కళ్ళజోడు పాతినట్టు పాతేవా? ఎప్పుడు పాతేవు? నేను సంతకెల్లినప్పుడా?"

ఆ కళ్లజోడు సంగతి చెప్పాలి. పోయిన ఏడాది కమిటీ సెక్రటరీ నందీశ్వరరావు గారి కళ్లజోడు ఒకటి పాతిపెట్టి అందరి ముందూ తవ్వి తీశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "సుమారు వందేళ్ల నాటిది. దారంతో కట్టుకున్నాడంటే వాడినవాడు పరమ పిసినారి" అని రాయించారు. ఇంకా దగ్గరగా చూద్దామని ముఖం తడుముకున్నారు. జోడు లేదు. ఆ రోజు నుంచి మెరకలో ఒక రూలు: గవర్రాజు మాటకి, అంటే నా మాటకి, ఇద్దరు సాక్షులుండాలి.

"ఒదినా," అన్నాను, "పాతలేదు."

నా ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. పాయసం ఎవరమూ తినలేదు.

తవ్వకం 217వ రోజు

పని చేయలేదు. వదిన ఇంటి చుట్టూ తిరిగాను.

స్టీలు చట్టం రాసిన పెద్దలకి దండం. పాతకాలపు కాగితాలన్నీ సముద్రం తిన్నది. కంప్యూటర్లలో దాచుకున్నవి కంప్యూటర్లతో సహా తిన్నది. స్టీలు మాత్రం అరగక కక్కేసింది. అందుకని, నేలలో బిందె అంత పాత్ర దొరికి, దాని మీద పేరుంటే, ఆ నేల ఆ పేరుగలవాళ్ల వారసులదని మెట్టలో కూర్చుని రాశారు. ఆ భయానికి ఇప్పుడు మా మెరకలో ఉప్పు చెంచాకి కూడా పేరు కొట్టించుకుంటాం. పేరు లేని స్టీలు కరిగించడానికి పోతుంది.

ఆకురాయి జేబులో పెట్టుకుని వదిన దగ్గరికి వెళ్లాను. బిందె తొట్టిలో నానుతోంది. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని వెదురు పుల్లతో నత్తగుల్లలు ఒక్కొక్కటే ఊడదీస్తోంది. ఇంకెవరి సామానైతే ఎంత జాగ్రత్తగా చేస్తుందో, అంత జాగ్రత్తగానూ.

"ఒదినా, రెండు నిమిషాలు అటు తిరుగు. పేరు గీకేత్తాను. పేరు లేని బిందె ఎవరిదీ కాదు."

పుల్లతో చేతి మీద ఒక్కటిచ్చింది. ఇంకా మంటగానే ఉంది.

"నలబయ్యేళ్లొచ్చినా బుద్ది రాలేదు నీకు."

"నలభై ఎనిమిది."

"మరీ సిగ్గుచేటు. ఆ పేరుగలావిడ అన్నం తిన్నాది, నీళ్లు మోసింది. ఇయ్యాల ఆవిడ ఉందనడానికి ఈ చుక్కలు తప్ప ఏం లేవు. నా ఇల్లు నిలబెట్టుకోవడానికి ఆవిడ్ని చెరిపేమంటావా?"

"ఆవిడ పోయి తొంభై ఏళ్లయ్యింది. నువ్వు పోతే రేపు ఎక్కడుంటావు?"

ఆవిడ ఇంకో నత్తగుల్ల ఊడదీసింది. "నీళ్లు మార్చాలి, ఆ కడవ అందుకో" అంది.

అందుకున్నాను. ఏం చేస్తాను.

తవ్వకం 224వ రోజు

దంగేటి వారి వారసుడు దిగాడు. పేరు కళాధర్. మెట్ట నుంచి పడవ మీద వచ్చాడు. చల్లగాలి కొట్టే చొక్కా వేసుకున్నాడు. అది ఈగలా గుయ్యిమంటూ ఉంటుంది. మనిషి మాట్లాడాలంటే ముందు చొక్కా ఆపుకోవాలి.

తిట్టుకుందామని సిద్ధపడి వెళ్లాను. కుదరలేదు. మనిషి మంచివాడు. వదిన మడి అంచున చెప్పులు విప్పి, పాదం పెట్టి, అలాగే నిలబడిపోయాడు.

"మేం ముప్ఫై రెండో అంతస్తులో ఉంటామండి. ఒకటే గది. పదకొండు మందిమి. మా ఇంట్లో మొక్క అంటే గోడ మీద బొమ్మే" అన్నాడు. "ఇది నిజంగా గోంగూరేనా?"

"కాదు, స్టీలుకి మొలకొచ్చింది" అన్నాను.

నవ్వాడు. అది కూడా నాకు నచ్చలేదు. శత్రువు నవ్వకూడదు.

వదిన బిందె తీసి చూపించింది. రెండు చేతులతో పట్టుకుని ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"మాణిక్యం మా ముత్తవ్వ. ఆవిడ గురించి మాకు తెలిసింది ఏమీ లేదండి. ఒక్క మాట మిగిలింది. మా ఇంట్లో ఏదైనా పోయి మళ్లీ రాకపోతే 'మాణిక్యం బిందె' అంటారు. మా బాబాయి ఉద్యోగం అలాగే పోయింది. అందరూ మాణిక్యం బిందె అన్నారు. ఎందుకంటారో ఎవరికీ తెలీదు. ఇదిగో, బిందె కళ్లారా చూస్తాననుకోలేదు."

వదిన ఆయనకి మజ్జిగ ఇచ్చింది. తన నేల పట్టుకుపోవడానికి వచ్చినవాడికి మజ్జిగ, అందులో కరివేపాకు కూడానూ. కట్ట కింద ఉండే విడిదిలో ఆయనకి మకాం. విచారణ 236వ రోజున.

తవ్వకం 226వ రోజు

ఐదో తరగతి దాకానే చదివినా, రాసింది మళ్లీ చదువుకునే అలవాటు ఒకటుంది నాకు. నా వెటకారాలు నాకు నచ్చుతాయి. ఇవాళ ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేస్తుంటే కళ్లు తిరిగాయి.

19వ రోజు, మడి 8: స్టీలు మూత, దంగేటి మాణిక్యం. 77వ రోజు, మడి 26: గ్లాసు, దంగేటి మాణిక్యం. 130వ రోజు, మడి 33: అట్లకాడ. 168వ రోజు, మడి 12: టిఫిను గిన్నె. మొన్న మడి 17లో గరిట. ఇప్పుడు 41లో బిందె.

ఒక్క మనిషికి ఆరు చోట్ల ఇళ్లుండవు కదా! ఎగురుకుంటూ కమిటీ ఆఫీసుకి పోయాను. నందీశ్వరరావు గారు కళ్లజోడుని తాడుతో మెడకి కట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే దాన్ని చేత్తో పట్టుకున్నారు.

"ఇది నా మాట కాదండి, పుస్తకంలో ఉన్న మాట. కొంగ కూడా సాక్ష్యం" అని ఆరూ చూపించాను. "ఆరు మడుల్లో ఉందంటే ఈవిడ ఇల్లు నలభై ఒకటే అని ఎలా చెప్తారు?"

ఆయన ఆరూ చదివారు. ముఖం వెలిగింది.

"శెబాష్ గవర్రాజూ! ఇన్నాళ్లకి ఒక పని చేసేవు."

"అంటే వదిన మడి..."

"అంటే ఆరూ దంగేటి వారివేనన్నమాట! రూలు చూడు. మొదటి సాక్ష్యం బిందె అంతుండాలి. అది దొరికాక, అదే పేరున్న చెంచా కూడా సాక్ష్యమే."

మా మేనత్త ఉంటే దగ్గేది.

"అయ్యా, ఎనిమిదో మడి మీ ఇల్లండి" అన్నాను.

నందీశ్వరరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారు. ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది.

"రూలు రూలేనయ్యా" అన్నారు.

తవ్వకం 227వ రోజు

వస్తువులు: నా మీదకి విసిరినవి. చీపురు ఒకటి, కొబ్బరిచిప్ప రెండు, చెప్పు ఒకటి. స్థితి: చెప్పు కొత్తదే. జత కోసం చూస్తున్నాను.

ఐదు మడులవాళ్లూ మా గుమ్మం ముందుకొచ్చి తిట్టిపోయారు. కళాధర్ గారు కూడా కంగారుపడ్డాడు. "నేనొకటే అడిగానండి, ఆరెందుకు?" అంటున్నాడు. రూలు ప్రకారం ఒకటి తీసుకుని ఐదు వదిలేసే వీల్లేదట. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. వద్దంటే, ఇద్దరు సాక్షులతో, ఎందుకు వద్దో కారణం చూపించాలి.

వదిన మాత్రం తిట్టలేదు. "మంచి చెయ్యబోయేవులే" అంది. అదే చెప్పుదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

తవ్వకం 230వ రోజు

పొద్దున్న వదిన పిలిచింది. తొట్టెల్లో ఉన్నవి సర్దుతోంది. "నేనెల్లిపోతే ఈ ఇనుముకి నీళ్లెవరు మారుత్తారు? నువ్వు మారుత్తావా? వారం తప్పితే సచ్చిపోతాయి" అంది. తన ఇల్లు గురించి కాదు, తొట్టెల గురించి. తర్వాత, "సెక్రటరీ గారి అచ్చియ్యమ్మకి వినాయక చవితికి పచ్చడి పంపేను. గిన్నె రాలేదు. నా పేరుంటాది దాని మీద. అడిగి పట్రా" అంది.

వెళ్లాను. అచ్చియ్యమ్మ గారు సెక్రటరీ గారి భార్య. సెక్రటరీ గారికి ఉన్న రూళ్లకన్నా ఆవిడకి ఉన్న గిన్నెలు ఎక్కువ.

"అమ్మగారూ, మా ఒదిన గిన్నె."

"అయ్యయ్యో, ఉందయ్యా, అటకమీదే ఉంది. ఎక్కడికి పోద్ది."

"ఇచ్చేయండి మరి."

నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "కాళీగానా? పచ్చడొచ్చిన గిన్నెని కాళీగా ఇత్తారేంటయ్యా ఎవరైనా? ఆదివారం బూరెలొండుదామనుకుంటన్నాను. అప్పుడు నాలుగేసి పంపుతా."

"చవితి నుంచీ ఆ ఆదివారం రాలేదాండి?"

"బెల్లం దొరకొద్దూ!"

గుమ్మంలో నిలబడిపోయాను. ఆవిడ బెల్లం రేటు గురించి ఏదో చెబుతోంది. నాకు వినబడడం లేదు. పోయి మళ్లీ రానిది మాణిక్యం బిందె. పోయి మళ్లీ రానిది... నా బుర్రలో, ఒట్టు, సన్నాయి మోగింది.

మెట్టలో వాళ్లకి తిన్నాక కరిగిపోయే పళ్లేలు. గిన్నె ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడిచి వెళ్తుందని వాళ్లకేం తెలుసు? మాకు తెలుసు. తెలిసీ, రూలు పుస్తకం ముందు నిలబడగానే మర్చిపోయాం.

కానీ ఇది నేను చెబితే ఎవరు నమ్ముతారు? గవర్రాజు మాటకి ఇద్దరు సాక్షులుండాలి.

గిన్నె అక్కడే వదిలేసి వచ్చాను.

తవ్వకం 233వ రోజు

వదినతో అన్నాను: "ఎలాగూ పోయే మడే కదా. ఉన్న గోంగూరంతా కోసేసి పచ్చడి చెయ్యి. ఊరందరికీ నీ చేత్తో పెట్టినట్టుంటాది."

"ఏదో ఎత్తు ఏత్తన్నావు నువ్వు."

"నేనా!"

ఆవిడ నన్ను పరకాయించి చూసింది. ఏమనుకుందో, కత్తిపీట తీసింది. మధ్యాహ్నానికి ఎండుమిరపకాయల ఘాటుకి మెరక సగం తుమ్మింది. వదిన పేరు కొట్టిన గిన్నెలు పధ్నాలుగు ఉన్నాయి. పధ్నాలుగు ఇళ్లకి నేనే మోశాను. చివరిది విడిదిలో కళాధర్ గారికి. ఆయన ఒక ముద్ద తిని చొక్కా కట్టేశాడు. చెమటలు కారుతున్నా మళ్లీ వేయలేదు.

తవ్వకం 235వ రోజు

రెండు రోజులు ఆగాను. పధ్నాలుగు గిన్నెల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తిరిగి రాలేదు. మా ఊరి మీద నాకు ఎంత నమ్మకమో!

తవ్వకం 236వ రోజు

విచారణ. కమిటీ పాక ముందు మెరకంతా కూర్చుంది. బిందె బల్ల మీద ఉంది. వదిన మైనం పట్టించి తుడిచింది. చుక్కలు దూరానికి కూడా కనిపిస్తున్నాయి.

సెక్రటరీ గారు ఆరు మడుల నంబర్లు చదివారు. తన ఎనిమిది దగ్గరకి వచ్చేసరికి దగ్గు వచ్చినట్టు చేసి మింగేశారు. "ఎవరైనా అడ్డం చెప్పేదుందా?"

లేచాను.

"గవర్రాజు మాటకి..."

"ఇద్దరు సాక్షులుండాలండి, తెలుసు. నేను నోరెత్తను. కర్రే మాట్లాడుద్ది. మీరంతా కూడా రండి."

కూతకర్ర ఎత్తుకుని నేరుగా సెక్రటరీ గారి వంటింట్లోకి వెళ్లాను. వెనక జనం. అచ్చియ్యమ్మ గారు "చెప్పులు, చెప్పులు" అని అరుస్తోంది. కర్ర అటక మీదకి ఎత్తాను. మా మేనత్త ఖళ్‌ఖళ్‌మని దగ్గింది. గిన్నె దింపి సెక్రటరీ గారి చేతిలో పెట్టాను. ఆయన చదివారు.

"వీరవేణి" అన్నారు.

నేను రూలు పుస్తకం తీసి, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, ఆయన ముందు పట్టుకున్నాను. పేరున్న పాత్ర ఎక్కడుంటే ఆ నేల ఆ పేరుగలవాళ్లది. వదిన పేరున్న బిందె ఆవిడ ఇంట్లో ఉండనే ఉంది, ఇక గిన్నె కూడా సాక్ష్యమే. నోరెత్తలేదు. మాటంటే మాటే.

అక్కణ్నుంచి పన్నెండో మడి. దగ్గు. గిన్నె: వీరవేణి. ఇరవై ఆరో మడి. దగ్గు. వీరవేణి. ముప్ఫై మూడు. అక్కడ రెండు గిన్నెలు దొరికాయి. ఒకటి వదినది, ఇంకోటి అచ్చియ్యమ్మ గారిది. ఆవిడ "ఇదిగో నా గిన్నె! మూడేళ్ల నుంచి ఎతుకుతున్నా!" అని ఆ ఇంటావిడ మీద పడింది. "కాళీగా ఎలా ఇత్తానొదినా" అంటోంది ఆ ఇంటావిడ. జనంలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు అంటుకుంది. ఆఖరికి కట్ట కింద విడిది. మంచం కింద కర్ర పెడితే దగ్గే దగ్గు. కళాధర్ గారు సిగ్గుపడుతూ గిన్నె తీశాడు. నాకినంత శుభ్రంగా ఉంది.

మళ్లీ పాక ముందుకి వచ్చాక నేను నేల మీద కర్రతో గీశాను: ఊరు మొత్తం, సెక్రటరీ గారి ఇల్లు, సర్కారు విడిది, అన్నీ వీరవేణివి.

సెక్రటరీ గారికి ఒళ్లు మండింది. "ఏంటయ్యా ఈ యవ్వారం! పచ్చడేసి పంపిన గిన్నెకి ఇల్లెలా వత్తాది? గిన్నె ఆవిడది. ఇల్లు మాది. గిన్నె మా ఇంట్లో ఉన్నంత మాత్రాన..."

ఆగిపోయారు. నోరు అలాగే ఉంది. మెల్లగా బల్ల మీద ఉన్న బిందె వైపు చూశారు.

"సెక్రటరీ గారు చెప్పేరు. ఒక సాక్షి" అన్నాను. ఆ మాత్రం మాట్లాడకపోతే చచ్చిపోయేవాణ్ని.

రెండో సాక్షి ఎవరు? సెక్రటరీ గారిది హోదా కాబట్టి చెల్లింది, మడి పోయే మిగతావాళ్లు చెబితే చెల్లదు. వదిన చెబితే అసలు చెల్లదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నా ఎత్తు ఇక్కడి దాకానే. దీని తర్వాత ఏమిటో నేను ఆలోచించలేదు. చదువు మధ్యలో మానేస్తే వచ్చే ఇబ్బంది ఇదే.

గుయ్యిమనే చప్పుడు ఆగింది. కళాధర్ గారు చొక్కా కట్టేశాడు.

"నేనండి" అన్నాడు.

వదిన గిన్నె ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాని వంకే చూస్తూ మాట్లాడాడు.

"మా ఇంట్లో ఒక మాట ఉంది. పోయి మళ్లీ రానిదాన్ని మాణిక్యం బిందె అంటాం. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఎవరికో బిందె ఎరువిచ్చింది. వాళ్లు తిరిగివ్వలేదు. ఎన్నిసార్లు అడిగిందో, ఎంత సతాయించిందో, నాలుగు తరాల దాకా మాట మిగిలింది." బిందె వైపు తిరిగాడు. "ఈ బిందె దొరికిన చోట మా ముత్తవ్వ ఇల్లు లేదండి. ఈ బిందె ఎక్కడైతే లేదో, అక్కడుంది మా ఇల్లు. నేను సాక్ష్యం చెబుతున్నాను. రాసుకోండి."

సెక్రటరీ గారు రాసుకున్నారు. కింద రెండు గీతలు కూడా గీశారు. ఎనిమిదో మడి నిలబడింది కదా.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ వైపు చూడలేదు. చూస్తే ఏదో ఒక వెటకారం ఆడేవాణ్ని. అది ఆ వేళకి తగదు. అంతమాత్రం నాకూ తెలుసు.

తవ్వకం 238వ రోజు

ఇవాళ కళాధర్ గారి పడవ. నేల నిలిచినా బిందె మాత్రం రూలు ప్రకారం వారసుడిదే. కమిటీ కాగితం ఇచ్చింది. ఆయన వదిన ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బిందె తీసుకెళ్తానండి, వీరవేణి గారూ."

"ఉండండి" అంది వదిన. "కాళీగా ఎలా ఇత్తాను?"

ఇంటి వెనక్కి పోయింది. తొట్టెల పక్కన, బిందె దొరికిన గుంట దగ్గరే కూర్చుని, ఏడేళ్లు కడిగిన మట్టి దోసిళ్లతో తీసి బిందెలో పోసింది. సగం నిండాక నాలుగు గోంగూర మొక్కలు వేళ్లతో సహా పెళ్లగించి నాటింది. చుట్టూ అదిమింది. ఇంత నీళ్లు చిలకరించింది.

"ఉప్పు లేని మన్ను, స్టీలుకి ఏం కాదు. నీళ్లు నిలవనీయకండి. కిటికీ దగ్గరెట్టండి. చింతపండు మాత్రం..."

"పచ్చట్లో కూడా వద్దాండి?"

"పచ్చట్లో ఏసుకోండి. బిందెకి తగలనిచ్చేరంటే పడవెక్కి వత్తాను."

ఆయన బిందెని పసిబిడ్డలా చంకనెత్తుకున్నాడు. పేరు మీద వేలు పెట్టి, "ఎవరింట్లో ఉండిపోయిందో ఇన్నాళ్లూ" అన్నాడు.

"ఎవరో పాపం" అంది వదిన, చేతులకున్న మట్టి దులుపుకుంటూ. "కాళీగా ఇవ్వకూడదనే ఉంచుంటాది. రేపు ఏదో ఒండి, నింపి పంపుదామనుకునుంటాది. ఆ రేపటికి సముద్రమొచ్చేసింది."

నాకు వెటకారం ఏమీ తోచలేదు. ఇది రికార్డులో రాసి పెట్టుకోండి, మళ్లీ జరగకపోవచ్చు.

పడవ కట్ట దాటాక తిరిగొస్తుంటే వదిన అంది: "అచ్చియ్యమ్మ గిన్నెతో ఇవాళైనా బూరెలొచ్చేయా?"

"బెల్లం దొరకలేదంట ఒదినా."

"నా పధ్నాలుగు గిన్నెలూ?"

"అవి మాణిక్యం గిన్నెలే ఇంక."

పుల్ల కోసం చుట్టూ చూసింది. నేను పరిగెత్తాను.

మడి 41. పట్టా: వీరవేణి పేర. మెట్టకి పంపిన వస్తువు: స్టీలు బిందె ఒకటి, పేరు దంగేటి మాణిక్యం. స్థితి: నిండుగా ఉంది.